హారన్ గురించి నేనడిగిన ప్రశ్న

సైకాలజీలో ఎం.ఏ. చదివి, ఓడల నుంచి సరుకు దించే కంపెనీలో చేరిన మనిషిని విశాఖపట్నంలో నేనొక్కదాన్నే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే క్షమించాలి. పోర్టు పక్కనుండే ఆ ప్రైవేటు యార్డు ఇప్పుడు లేదు. కంపెనీ చేతులు మారింది, పేరూ పోయింది. అక్కడ నన్ను శిక్షణాధికారి అనేవారు. పనివాళ్ళు మాత్రం "మనసు మేడమ్" అనేవారు. కళ్ళలోకి చూస్తే లోపలున్నదంతా చదివేస్తానని కొందరు తల దించుకుని నడిచేవారు. ముప్ఫై ఏళ్ళలో నేను ఎవరి మనసూ చదవలేదు. మా వారి మనసులో ఏముందో కూడా ఆయన చెబితేనే తెలిసేది.

ఈమధ్య సైకాలజీ చదివి కంపెనీల శిక్షణ విభాగాల్లో చేరిన అమ్మాయిలు ఇద్దరు మధురవాడలో మా ఫ్లాటుకి వచ్చారు. "ఈ ఉద్యోగంలో అసలు ఏం చెయ్యాలి మేడమ్?" అని అడిగారు. టీ ఇచ్చి, పుస్తకాల పేర్లు నాలుగు చెప్పి పంపాను. లిఫ్టు తలుపు మూసుకున్నాక, చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. శాలువాలు ఆరు వచ్చాయి, ఆరూ ఒకే రంగు.

శనివారం పాఠం

చేరిన కొత్తలో నా పని శనివారం మధ్యాహ్నం భద్రతా పాఠం చెప్పడం. మూడు గంటల పాఠం, మధ్యలో సమోసా, చివర్లో పరీక్ష. అందరూ పాసయ్యేవారు. మార్కుల జాబితా నోటీసు బోర్డు మీద అంటించి చాలా సంతోషించేదాన్ని.

మా సేఫ్టీ అధికారి కామేశ్వరరావు గారు ఒక బుధవారం నన్ను యార్డులోకి రమ్మన్నారు. ఆయన మాట తక్కువ మనిషి. పని చేస్తున్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, "శనివారం అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడగండి" అన్నారు. అడిగాను. పదిమందిలో ఇద్దరు చెప్పారు. మిగతావాళ్ళకి సమోసా బాగుందని గుర్తుంది.

"మరి పరీక్షలో ఎలా రాశారు?" అన్నాను.

"అప్పుడే విన్నాం గదండీ" అన్నాడు అప్పలనాయుడనే కళాసీ. లోడుకి తాళ్ళు కట్టి, దిగాక విప్పేవాళ్ళని యార్డులో కళాసీలంటారు. అప్పలనాయుడు కూర్మన్నపాలెం నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. అలాంటి మనిషి మాట ఆఫీసుల్లో ఎవరికీ వినిపించదని తర్వాత తెలిసింది.

ఒక్కరోజే కుక్కిన పాఠం నిలవదనీ, కొంచెం కొంచెంగా, రోజులు విడిచి చెప్పింది నిలుస్తుందనీ నేను ఎం.ఏ.లోనే చదివాను. పరీక్షలో రాశాను కూడా. చదివింది నాకే పని చెయ్యడానికి ఒక బుధవారం కావలసి వచ్చింది. ఆ తర్వాత శనివారం పాఠం ఎత్తేసి, ప్రతి షిఫ్టు మొదట్లో పది నిమిషాలు యార్డులోనే నిలబడేదాన్ని. చెప్పేది తక్కువ, అడిగేది ఎక్కువ. మనిషి తనంతట తాను గుర్తు తెచ్చుకుని చెబితే ఆ విషయం మనసులో గట్టిపడుతుంది. ఆరు నెలల్లో తేడా కనిపించింది. నాకు కాస్త గర్వం కూడా పట్టింది.

అడిగితే గట్టిపడుతుందని తెలుసుకున్నాను. తప్పు అడిగితే తప్పే గట్టిపడుతుందని తెలుసుకోలేదు. అది తెలియడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది. దాని ఖరీదు నేను కట్టలేదు, వేరే మనిషి కట్టాడు.

నూకరాజు చేతులు

ఆ మనిషి పేరు నూకరాజు. క్రేన్ ఆపరేటరు. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం, అన్నదమ్ములు ఇప్పటికీ వెళతారు. ఇతనికి ఎందుకో పడవ కంటే క్రేను నచ్చింది. యార్డులో అతనంత మెత్తగా లోడు దించేవాడు లేడు. ఎంత గాలి వీచినా, గాల్లో వేలాడే కట్ట అతని చేతిలో ఊగకుండా దిగేది.

కొత్తవాళ్ళకి ఆ విద్య నేర్పించాలని నేను పుస్తకమూ పెన్నూ పట్టుకుని అతని క్యాబిన్ ఎక్కాను. "ఎలా చేస్తున్నారో చేస్తూ చెప్పండి, రాసుకుంటాను" అన్నాను.

"ఏటుందండీ, ఇలగ లాగుతాను, అది అలగ ఎల్తది, మరి నాను..." అని ఆగిపోయాడు. కింద లోడు గడియారం లోలకంలా ఊగడం మొదలెట్టింది. కిందున్న కళాసీలు పక్కకి పరిగెత్తారు.

"మేడమ్‌గారూ, మీరు దిగిపోండి. సెప్తంటే సెయ్యలేను, సేత్తంటే సెప్పలేను."

దిగిపోయాను. చేతులు నేర్చిన విద్య వేరు, నోటితో చెప్పగలిగే జ్ఞానం వేరు. బాగా అలవాటైన పని మనసు పర్యవేక్షణ లేకుండానే జరుగుతుంది. అలా జరిగిన పని ఆనవాలు కూడా మిగల్చదు. నేను బస్సు ఎక్కి సగం దూరం వచ్చాక ఇంటికి తాళం వేశానా లేదా అని ఆలోచిస్తాను. ఎంత ఆలోచించినా గుర్తు రాదు. సాయంత్రం వెళ్ళి చూస్తే తాళం వేసే ఉంటుంది. ఇంత తెలిసిన మనిషిని, అవసరమైన రోజున ఇదంతా పక్కన పెట్టి కూర్చున్నాను.

ఆ రోజు

ఉదయం పదకొండు గంటలకి, నూకరాజు ట్రైలర్ మీదికి దించుతున్న ఇనుప పైపుల కట్ట ఒకవైపు జారి పడింది. కింద ఉన్న కళాసీ బాషా మీద పడింది. హెల్మెట్ ఉండబట్టి ప్రాణం దక్కింది. తలకి కుట్లు పడ్డాయి, ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది. బాషాది పాతనగరం. తండ్రి టైలరు, ఇతను మాత్రం పోర్టు పనికి వచ్చాడు. నూకరాజూ బాషా ఒకే ఏడాది చేరినవాళ్ళు, ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవారు.

కట్ట దించే ముందు ఆపరేటరు రెండుసార్లు హారన్ కొట్టాలి, కిందివాళ్ళు తప్పుకోవాలి. అది నియమం. ఆపరేషన్స్ మేనేజరు మూర్తిగారు నా గదికి వచ్చి, నిలబడే చెప్పారు. "హారన్ కొట్టకుండా దించాడు. కట్ట ట్రైలర్ అంచుకి తగిలి తాడు తెగింది. మీరు స్టేట్‌మెంట్లు తీసుకోండి. సాయంత్రానికి కావాలి."

నేను కాగితాలు తీసుకుని బయల్దేరాను. ఏం జరిగిందో తెలుసుకోవడానికి వెళుతున్నాననే అనుకున్నాను. నిజానికి మూర్తిగారి వాక్యానికి సంతకాలు పోగుచెయ్యడానికి వెళ్ళాను.

ముందు ఆసుపత్రిలో బాషా. స్పృహలోనే ఉన్నాడు. ఏం జరిగిందని అడిగితే, "యాద్ లేదు మేడమ్. పొద్దున ఇంట్లో చాయ్ తాగేను. తర్వాత ఇక్కడే కళ్ళు తెరిచేను" అన్నాడు.

అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు.

"హారన్ వినపడలేదు కదా?"

కొంచెంసేపు ఆలోచించాడు. "లేదు మేడమ్. వినపడితే పక్కకి జరిగేవాణ్ణి గదా."

అది జ్ఞాపకం కాదు, తర్కం. తను నేల మీద పడి ఉన్నాడు కాబట్టి హారన్ మోగి ఉండదని లెక్కవేసుకున్నాడు. నేను మాత్రం హారన్ వినలేదు అని రాసుకున్నాను.

తర్వాత, ఆ లోడు దగ్గర బాషాతో పనిచేస్తున్న అప్పలనాయుడు. "హారన్ కొట్టకుండా దించినప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగాను. ఈ ప్రశ్నను ఇప్పటి పిల్లలు మళ్ళీ ఒకసారి చదవండి. జవాబు అందులోనే ఉంది. "ట్రైలర్ ఇవతల ఉన్నానండి" అని, ఇంకేదో కూడా చెప్పాడు. రాసుకున్నాను.

చివరికి నూకరాజు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"హారన్ ఎందుకు కొట్టలేదు నూకరాజు గారూ?"

"కొట్టేనండి."

"కొట్టినట్టు గుర్తుందా?"

"రోజూ కొడతాను గదండీ."

"రోజూ సంగతి కాదు. ఇవాళ, ఆ కట్టకి. బటన్ మీద వేలు పెట్టినట్టు గుర్తుందా?"

తన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు, అది సాక్ష్యం చెబుతుందేమోనన్నట్టు. "గుర్తు నేదండి."

"మిగతా ఇద్దరూ వినలేదంటున్నారు." అప్పలనాయుడు ఆ మాట అననేలేదు, నేనే అలా అనుకున్నాను.

"బాషా కూడానా?"

"బాషా కూడా."

వేలు మడిచి చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "అలగైతే కొట్టనేదేమోనండి. వోడు అబద్ధమాడడు."

నేను 'ఏమో' తీసేసి రాశాను. సంతకం పెట్టాడు. వారంలో అతన్ని క్రేన్ నుంచి దించి, స్టోర్సులో చేతి తొడుగులు పంచే పనికి వేశారు.

ఆరో వారం

బాషాని ఇంటికి పంపాక, ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. బలహీనంగా ఉన్నా హుషారుగా మాట్లాడాడు. నేను అడక్కుండానే ఆ రోజు సంగతి మొదలెట్టాడు.

"పైకి చూసేను మేడమ్. క్యాబిన్‌లో నూకరాజు తల పక్కకి తిప్పి ఎవరితోనో మాట్లాడతన్నాడు. అరె, హారన్ కొట్టలేదేంటి వీడు అనుకున్నాను. అడుగు వెనక్కేసే లోపు మీద పడింది."

"బాగా గుర్తుందా?"

"కళ్ళ ముందు ఉంది మేడమ్. కళ్ళు మూస్తే అదే."

"నూకరాజన్న రెండుసార్లు వచ్చేడు" అంది లోపల్నుంచి అతని భార్య. "చేపలు పట్టుకొచ్చేడు. నానే కొట్టలేదు బావా, నన్ను క్షమించు అని ఏడ్చేడు. ఈయన కూడా ఏడ్చేరు."

బయటికి వచ్చి, ఆటో పిలవకుండా పాతనగరం సందుల్లో చాలా దూరం నడిచాను. తలకి దెబ్బ తగిలి స్పృహ పోయిన మనిషికి ఆ దెబ్బకి ముందు కొన్ని నిమిషాలు చాలాసార్లు తిరిగి రావు. మొదటిరోజు ఇతనికి పొద్దుటి చాయ్ తప్ప ఏమీ లేదు. ఆరు వారాల్లో క్యాబిన్, తిరిగిన తల, తను అనుకున్న మాట కూడా వచ్చేశాయి. పైగా నూకరాజు ఎవరితోనో మాట్లాడుతున్నాడని అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆ క్యాబిన్‌లో రెండో మనిషి కూర్చునే చోటు లేదు. నేను నిలబడి చూసినదాన్ని.

బాషా అబద్ధం చెప్పడం లేదు. మనం గుర్తు చేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకాన్ని మళ్ళీ కడతాం. ఖాళీ ఉన్నచోట దొరికిన ఇటుక పెడతాం. మొదటి ఇటుక ఆసుపత్రిలో నేనిచ్చాను. నూకరాజు పశ్చాత్తాపం రెండోది. నూకరాజు ఇటుక కూడా నేనిచ్చిందే.

ఆఫీసుకి వెళ్ళి నా నోటు పుస్తకం తీశాను. జవాబుతో పాటు ప్రశ్న కూడా మాట మార్చకుండా రాయాలని కామేశ్వరరావు గారి పట్టుదల. అది చాదస్తమని నేను అనుకునేదాన్ని. పేజీలో నా చేతిరాతతో నా ప్రశ్నలు వరసగా ఉన్నాయి. వేరేవాళ్ళు రాసి ఉంటే ఆ మనిషిని ఉద్యోగంలోంచి తీసేయమనేదాన్ని.

తర్వాత అప్పలనాయుడి పేజీ తిప్పాను. "ట్రైలర్ ఇవతల ఉన్నానండి" తర్వాత అతను అన్న మాట అక్కడుంది: "తాడు పాతదండి, పోగులు లేచిపోయేయి, ముందే సెప్పేను." నేను విన్నాను, రాశాను, రిపోర్టులో పెట్టలేదు. హారన్ కోసం వెతుకుతున్న మనిషికి తాడు కనిపించలేదు. మనసు దేని మీద ఉంటే అదే కనిపిస్తుందని, మిగతాది కళ్ళ ముందున్నా కనిపించదని నేనే ఎన్నోసార్లు పాఠం చెప్పాను.

మర్నాడు అతన్ని పిలిచి, "ఆ రోజు పొద్దుట్నించి జరిగింది మీ ఇష్టమొచ్చినట్టు చెప్పండి, నేనేం అడగను" అన్నాను.

"మీకప్పుడే సెప్పేను గదండీ, రాసుకున్నారు కూడాను. అప్పటికి పది రోజుల్నించి ఆ తాడు సంగతి సెప్తన్నాను. స్టోర్సులో సీటీ కూడా రాసిచ్చేను. ముందు తాడు టప్‌మంది. ఆ తర్వాతే కట్ట పడింది."

"మరి హారన్?"

అడక్కూడదని తెలిసీ అడిగేశాను. అప్పలనాయుడు నా వైపు జాలిగా చూశాడు.

"తాడు తెగినప్పుడు హారనేటి సేత్తదండీ?"

రెండో రిపోర్టు

తెగిన తాడు రెండోరోజే తుక్కులోకి వెళ్ళిపోయింది. కానీ స్టోర్సు ఫైల్లో చీటీ ఉంది. కొత్త తాడు కావాలని అప్పలనాయుడు ప్రమాదానికి ఎనిమిది రోజుల ముందు ఇచ్చిన చీటీ, వేలిముద్రంత నూనె మరకతో సహా. దాని మీద చర్య తీసుకున్నట్టు ఎవరి సంతకమూ లేదు. ఆ చీటీ ఉన్న బీరువా పక్కనే బల్ల వేసుకుని నూకరాజు తొడుగులు పంచుతున్నాడు.

కామేశ్వరరావు గారు నా పుస్తకమూ, చీటీ నకలూ రెండుసార్లు చదివారు. "మొదటి రిపోర్టు మీద సంతకం ఎవరిది?" అన్నారు.

"నాదే సార్."

"అయితే రెండోది కూడా మీరే రాయండి. ఎక్కడ తప్పు చేశారో అది ముందు రాయండి."

రాశాను. హారన్ కొట్టాడో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరనీ, తెలియకుండా చేసినవి నా ప్రశ్నలేననీ, ప్రమాదానికి కారణం తాడనీ రాశాను. నా ఉద్యోగంలో రాసిన వాటిలో అదే చిన్న రిపోర్టు. అది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

మూర్తిగారు చదివి కళ్ళజోడు తీశారు. "మొదట ఒకటి రాశారు, ఇప్పుడు ఇంకోటి రాశారు. మేము ఏది నమ్మాలి?"

"రెండూ నమ్మకండి సార్. చీటీ నమ్మండి."

మూడు నెలలు నానబెట్టారు. కామేశ్వరరావు గారు ప్రతి సోమవారం ఆ ఫైలు ఎక్కడుందని అడుగుతూనే ఉన్నారు. ఆఖరికి నూకరాజు మీద చర్య రద్దు చేశారు. స్టోర్సు అధికారిని బదిలీ చేశారు. బాషా మళ్ళీ కట్ట కింద నిలబడే పనికి పనికిరాడు కాబట్టి, అతన్ని తాళ్ళు తనిఖీ చేసే పనిలో పెట్టారు. ఆ పనిలో అతను ఎవరి మాటా వినేవాడు కాదు. పోగు లేచిన తాడు కనిపిస్తే అక్కడే గొడ్డలితో నరికించేవాడు, మళ్ళీ ఎవరూ వాడకుండా. నన్ను రెండేళ్ళపాటు విచారణల నుంచి తప్పించి, గోడల మీద భద్రతా నినాదాలు రాయించే పనికి వేశారు. కొన్ని నినాదాలు బాగానే కుదిరాయి.

ఒకటి చెప్పాలి. నిజం బయటపెట్టినందుకు ఎవరో మెచ్చుకుంటారని ఆశించకండి. అది మెచ్చుకోవాల్సిన పని కాదు. పాడుచేసిన చోటుని మళ్ళీ మామూలుగా చేస్తున్నారంతే, అది కూడా పూర్తిగా కాదు.

పూర్తిగా కాదని ఎందుకంటున్నానో చెబుతాను. నూకరాజు క్రేన్ ఎక్కాడు. కానీ ప్రతి లోడుకీ రెండు హారన్లు కొట్టే మనిషి ఐదో ఆరో కొట్టడం మొదలెట్టాడు. కిందివాళ్ళు నవ్వేవారు. నేను అతన్ని కూర్చోబెట్టి చీటీ సంగతి, తాడు సంగతి, నా ప్రశ్నల సంగతి విడివిడిగా చెప్పాను. మర్యాదగా విన్నాడు. "కాయితం మారిందండీ, సంతోషమే" అన్నాడు. "కానీ నాను కొట్టనేదు. నాకు తెల్సు గదా. ఏలు బటన్ కాడికి ఎల్లి ఆగిపోయింది. ఇప్పటికీ అగుపిస్తది."

మొదటిరోజు అతనికి గుర్తులేని వేలు అది.

మైకు

నూకరాజు రిటైరైన రోజు యార్డు క్యాంటీన్లో సన్మానం పెట్టారు. నేను వేదిక మీద కూర్చున్నాను. కామేశ్వరరావు గారు అప్పటికే రిటైరై, ఆ రోజు కోసం వచ్చి ముందు వరసలో ఉన్నారు. బాషా కర్ర పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నూకరాజు భార్య పోలమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది.

మైకు ఇచ్చారు. నూకరాజుకి మైకు అలవాటు లేదు, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాను ఇన్నేళ్ళు క్రేన్ నడిపేను. ఒక్క తప్పే సేసేను. హారన్ కొట్టనేదు. నా బావ కాలు పోయింది. కంపెనీవోళ్ళు నన్ను క్షమించేరు. బావ కూడా క్షమించేడు. ఆ సింహాద్రి అప్పన్న కూడా క్షమించాల."

చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు అయ్యేదాకా ఉండి, నేను లేచి మైకు తీసుకున్నాను. ఇక నాకు పోయేదేమీ లేదు, నా రిటైర్మెంటుకీ నాలుగు నెలలే ఉంది.

"నూకరాజు గారు తప్పు చేశారనడానికి ఆధారం లేదు. హారన్ కొట్టలేదని ఆయన అనలేదు, నేను అనిపించాను. బాషా గారికి ఆ రోజు ఏమీ గుర్తులేదు, గుర్తున్నట్టు చేసింది నేను. కాలు పోయింది తాడు వల్ల. తప్పు చేసిన మనిషిని నేను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కామేశ్వరరావు గారు మాత్రం తల ఒకసారి పైకీ కిందికీ ఊపారు. బాషా నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత భోజనాలు పెట్టారు.

చేతులు కడుక్కునే చోట నేను పక్కనే ఉన్నానని చూసుకోలేదు వాళ్ళు. పోలమ్మ భర్తని అడుగుతోంది.

"ఆ మేడమ్ ఏటి అలగన్నాది? నిజవేనా?"

నూకరాజు తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"కాదే" అన్నాడు మెల్లగా. "మంచిదే ఆవిడ. నా పరువు కోసం అందరి ముందూ అబద్ధవాడేసింది."